ఒప్పందం ముగిసినా అద్దెవాళ్లు కదలకపోతే తాళం మార్చవచ్చా?

విజయవాడ సత్యనారాయణపురంలో మేడమీది వాటా. 11 నెలల ఒప్పందం ఎప్పుడో ముగిసింది, అద్దె మాత్రం నెలనెలా అందుతోంది. తాళం మార్చేయవచ్చా అని అడిగారు.

మార్చకండి. ఇల్లు మీదే, కానీ స్వాధీనం వాళ్లది. సామాను వీధిలో పెట్టిస్తే వాళ్లు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేసి తిరిగి లోపలికి రావచ్చు. ఆ దావాలో మీ దస్తావేజులు అక్కరకు రావు. నీళ్లు, కరెంటు ఆపడం కూడా కోపం తీర్చుకోవడమే, ఇల్లు చేతికి రాదు.

అసలు చిక్కు మీరు తెచ్చుకున్నదే: గడువు దాటాక అద్దె పుచ్చుకున్నారు. దాంతో సాధారణంగా అది నెలవారీ అద్దె అవుతుంది. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం ఖాళీ చేయమని 15 రోజుల నోటీసు రాతపూర్వకంగా ఇవ్వాలి. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఆ తర్వాత వచ్చే డబ్బును ‘అద్దె’ అని రాసి తీసుకుంటే నోటీసు వదులుకున్నారని వాదిస్తారు. వాడుకున్నందుకు పరిహారం అని రాయండి. అప్పటికీ కదలకపోతే కోర్టే దారి. అద్దె నియంత్రణ చట్టం మీ ఇంటికి వర్తిస్తుందేమో నోటీసుకు ముందే వకీలుతో తేల్చుకోండి.