హెల్డర్ పోస్టిగా విఫలమైన ఆటగాడా?

పోర్చుగల్ ఫుట్‌బాల్ స్ట్రైకర్ హెల్డర్ పోస్టిగాకు లండన్ క్లబ్బు టాటెన్‌హామ్‌లో లీగ్ గోలు ఒక్కటే, ఆ తర్వాత ఏ క్లబ్బులోనూ కుదురు లేదు, అలాంటివాడు దేశం జట్టులో అన్నేళ్లు ఎలా కొనసాగాడు అని మీరు అడిగారు. దేశం తరఫున 71 మ్యాచులు ఆడి 27 గోల్స్ కొట్టినవాణ్ణి విఫలుడని అనడానికి నాకు నోరు రాదు. క్లబ్బుల సంగతి వేరు. అక్కడ అతను ఒక మోస్తరు ఆటగాడిగానే మిగిలిపోయాడని ఒప్పుకోవాల్సిందే.

టాటెన్‌హామ్ సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అందరూ అతణ్ణి తూచేది ఆ ఒక్క సీజన్‌తోనే. 2003లో మౌరిన్యో శిక్షణలోని పోర్చుగల్ క్లబ్బు పోర్టో లీగూ, దేశవాళీ కప్పూ, యూరప్ క్లబ్బుల టోర్నీ అయిన యూఈఎఫ్‌ఏ కప్పూ గెలిచిన ఏడాది పోస్టిగా ఆ జట్టులో స్ట్రైకర్. ఇరవై ఏళ్ల వయసులో లండన్ వెళ్లాడు. అతణ్ణి తీసుకున్న మేనేజర్ గ్లెన్ హాడిల్ ఉద్యోగం సెప్టెంబరులోనే పోయింది. ఏరికోరి తెచ్చుకున్నవాడే వెళ్లిపోతే కొత్త దేశంలో కుర్రవాడికి ఇక దిక్కెవరు? లీగ్‌లో కొట్టిన ఆ ఒక్క గోలు లివర్‌పూల్ మీద. ఇంతలో అతను వదిలి వచ్చిన పోర్టో 2004 మేలో జర్మనీలోని గెల్సెన్‌కిర్చెన్‌లో యూరప్ క్లబ్బుల అతి పెద్ద కప్పు ఛాంపియన్స్ లీగ్ ఎగరేసుకుపోయింది. దురదృష్టం ఇంతకంటే ఎలా ఉంటుందో నాకు తెలియదు.

ఆ మరుసటి నెల లిస్బన్‌లో పోర్చుగల్, ఇంగ్లండ్ మధ్య జరిగిన యూరో 2004 (యూరప్ దేశాల టోర్నీ) క్వార్టర్ ఫైనల్ వల్లే నాకు అతని పేరు గుర్తుండిపోయింది. మన దేశంలో అప్పటికి అర్ధరాత్రి దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నాక టీవీ శబ్దం తగ్గించి చూశాను. మూడో నిమిషంలోనే ఓవెన్ గోలుతో ఇంగ్లండ్ ఆధిక్యం. 75వ నిమిషంలో ఫిగోను బయటికి పిలిచి పోస్టిగాను దింపారు. కెప్టెన్‌ను తీసేసి, ఇంగ్లండ్‌లో ఏడాది పొడవునా తడబడ్డ కుర్రాణ్ణి పంపడమేమిటని నాకు ఒళ్లు మండింది. 83వ నిమిషంలో అతనే తలతో స్కోరు సమం చేశాడు.

అదనపు సమయం తర్వాత 2-2. పెనాల్టీలలో మొదటి ఐదు వంతులూ అయ్యేసరికి ఇరుజట్లూ సమానం. ఆరో వంతులో ఇంగ్లండ్ ఆటగాడు ఆష్లీ కోల్ గోలు చేశాడు. ఇప్పుడు పోస్టిగా తప్పితే సొంతగడ్డ మీద పోర్చుగల్ కథ ముగిసినట్టే. అలాంటి సమయంలో ఎవరైనా ఒక మూలకు బలంగా తంతారు. ఇతను మెల్లగా బంతి అడుగున తట్టి, ఇంగ్లండ్ గోల్‌కీపర్ డేవిడ్ జేమ్స్ ఒక పక్కకు దూకుతుంటే గోలు నడిమధ్యలోకి తేల్చాడు. 1976 యూరో ఫైనల్లో చెకోస్లొవేకియా ఆటగాడు పనెంకా కొట్టి తన పేరు మిగిల్చుకున్న పద్ధతి అది. తర్వాత పోర్చుగల్ గోల్‌కీపర్ రికార్డో చేతి తొడుగులు విప్పేసి ఇంగ్లండ్ ఆటగాడు వాసెల్ పెనాల్టీ ఆపడం, తానే వెళ్లి గెలుపు గోలు కొట్టడం అందరూ చెప్పుకుంటారు. ఆ అవకాశం రికార్డో దాకా వచ్చింది పోస్టిగా గుండె నిబ్బరం వల్లే. రెండేళ్ల తర్వాత ప్రపంచ కప్పులో మళ్లీ ఇంగ్లండే ఎదురైంది, మళ్లీ ఫిగో స్థానంలోనే దిగాడు, పెనాల్టీలలో మళ్లీ గోలు కొట్టాడు. అదీ గెల్సెన్‌కిర్చెన్‌లోనే!

ఇక మీ అసలు ప్రశ్న, ఎలా కొనసాగాడన్నది. 2006లో స్ట్రైకర్ పౌలేటా దేశం జట్టు నుంచి తప్పుకున్నాక పోర్చుగల్‌కు నికరమైన సెంటర్ ఫార్వర్డ్ దొరకలేదు. గోల్స్ కొట్టే బాధ్యత పక్కల నుంచి లోపలికి చొచ్చుకొచ్చే రొనాల్డోది, కొంతవరకు నానిది. మధ్యలో ఉన్నవాడి పని డిఫెండర్లను తన వెంట లాక్కుపోయి వాళ్లకు చోటు కల్పించడం, వచ్చిన బంతిని నిలబెట్టి వెనక్కి అందించడం. గోల్స్ లెక్కల పట్టికలో ఈ చాకిరీ కనబడదు.

టీవీలోనూ అంతగా కనబడదని నాకు చెన్నైలో అర్థమైంది. అక్కడ ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, 2015 అక్టోబరు 3న ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) రెండో సీజన్ తొలి మ్యాచ్‌కు వెళ్లాను. చెన్నైయిన్ మీద అట్లెటికో డి కోల్‌కతా ఆడుతోంది. నేను చెన్నై పక్షం, కానీ కళ్లు మాత్రం కోల్‌కతా తరఫున వచ్చిన పోస్టిగా మీదే. అప్పటికి అతనికి 33 ఏళ్లు, వేగం ఏమంత లేదు. పై వరుసల నుంచి చూస్తే, బంతి అవతలి పక్కన ఉన్నప్పుడు కూడా డిఫెండర్ చూపు తప్పించుకుంటూ మెల్లగా జరుగుతూనే ఉన్నాడు. రెండు గోల్స్ కొట్టాడు, కోల్‌కతా 3-2తో గెలిచింది. అదే మ్యాచ్‌లో గాయపడి ఆ సీజన్‌లో మరి ఆడలేదు. 2014 ప్రపంచ కప్పులోనూ అంతే, అమెరికాతో మ్యాచ్ మొదలైన కాసేపటికే గాయంతో బయటికి వచ్చాడు. 2016లో తిరిగి వచ్చాడు, ఆ ఏడాది కోల్‌కతా ఫైనల్లో కొచ్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలపై ఓడించి కప్పు గెలిచింది.

క్లబ్బుల్లో అతని మంచి కాలం స్పెయిన్ క్లబ్బు సరగోసాలో గడిచిందని నా అభిప్రాయం. 2012-13లో అక్కడ లీగ్‌లో 14 గోల్స్ కొట్టినా జట్టు రెండో శ్రేణికి పడిపోయింది. స్పోర్టింగ్, వాలెన్సియా, లాజియో, డెపోర్టివో గురించి చెప్పుకోదగ్గవి తక్కువే.

మీరే తేల్చుకోవాలంటే గోల్స్ ముక్కలు కూర్చిన వీడియోలు పక్కన పెట్టండి. 2010 నవంబరులో ప్రపంచ విజేత స్పెయిన్‌ను పోర్చుగల్ 4-0తో ఓడించిన స్నేహపూర్వక మ్యాచ్ పూర్తిగా చూడండి, అందులో రెండు గోల్స్ ఇతనివి. ఆ తర్వాత యూరో 2012లో డెన్మార్క్‌తో జరిగిన 3-2 మ్యాచ్. రెండింటిలోనూ బంతిని వదిలేసి అతణ్ణే గమనిస్తే చాలు.