రాజకీయ విశ్లేషణలో కెరీర్: లోన్ హత్యపై పేపర్‌ను ఎలా తిరగరాయాలి?

ప్రశ్న: ఎంఏ పొలిటికల్ సైన్స్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. కశ్మీర్ వేర్పాటువాద నేత అబ్దుల్ గనీ లోన్ హత్యపై సెమినార్ పేపర్ రాస్తే, ‘పాత వార్త చదివినట్టుంది, విశ్లేషణ ఏదీ?’ అన్నారు మా మేడమ్. భద్రతా, రాజకీయ వ్యవహారాల విశ్లేషకురాలిని కావాలని నా కోరిక. ఇంట్లో సివిల్స్ రాయమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ మేడమ్ అడిగిందే రేపు ఉద్యోగంలో మీ బాస్ కూడా అడుగుతారు. కాబట్టి ముందు పేపర్ సంగతి చూద్దాం.

2002 మే 21న శ్రీనగర్ ఈద్గాలో లోన్‌ను కాల్చి చంపారు. 1990లో అదే తేదీన హత్యకు గురైన కశ్మీర్ మతనాయకుడు మీర్వాయిజ్ మౌల్వీ ఫారూఖ్ సంస్మరణ సభకు వచ్చారాయన. అంతకు వారం ముందే జమ్మూ దగ్గర కాలూచక్‌లో ఉగ్రదాడి జరిగింది, సరిహద్దులో భారత్, పాక్ సైన్యాలు మోహరించి ఉన్నాయి. మీ పేపర్ బహుశా ఇక్కడితో ఆగిపోయి ఉంటుంది.

తర్వాతి రెండేళ్లను తేదీల వారీగా పట్టీ వేయండి. ఆ ఏడాది అసెంబ్లీ ఎన్నికల్లో నేషనల్ కాన్ఫరెన్స్ 28 సీట్లకు పడిపోయింది. నవంబరులో కాంగ్రెస్ మద్దతుతో ముఫ్తీ మహమ్మద్ సయీద్ ముఖ్యమంత్రి అయ్యారు. లోన్ కూడా నేతగా ఉన్న వేర్పాటువాద పార్టీల కూటమి హుర్రియత్ ఎన్నికలకు దూరంగా ఉంది. అయినా లోన్ సొంత గడ్డ హంద్వారాలో గులాం మొహియుద్దీన్ సోఫీ ఇండిపెండెంట్‌గా గెలిచి, ముఫ్తీ ప్రభుత్వంలో మంత్రి కూడా అయ్యారు. లోన్ పార్టీయే వెనక ఉండి పోటీ చేయించిందంటూ హుర్రియత్‌లోని అతివాద నేత సయ్యద్ అలీ షా గిలానీ గట్టిగా పట్టుబట్టారు. 2003 సెప్టెంబరులో హుర్రియత్ రెండుగా చీలింది. 2004 జనవరిలో మితవాద వర్గం ఉప ప్రధాని అద్వానీతో చర్చలకు కూర్చుంది.

ఈ పట్టీ చూశాక ‘హత్య వల్లే చీలిక వచ్చింది’ అని రాసేయాలనిపిస్తుంది. తొందరపడకండి. విదేశీ మిలిటెంట్ల తీరును లోన్ బతికుండగానే బహిరంగంగా తప్పుపట్టారు, హుర్రియత్‌లో విభేదాలు అప్పటికే ఉన్నాయి. హత్యతో మితవాదుల్లో బరువున్న గొంతు ఒకటి పోయిందని నా అంచనా. అంచనాను అంచనాగానే రాయాలి.

‘ఎవరు చంపించారు’ అన్నచోట ఇంకా జాగ్రత్త. కుమారుడు సజ్జాద్ లోన్ మొదట పాకిస్థాన్ ఐఎస్ఐ వైపు వేలు చూపారు, తర్వాత ఆ మాట వెనక్కి తీసుకున్నారు. చంపింది సైన్యమో పోలీసులో కాదు, తమవాళ్లేనని 2011లో హుర్రియత్ నేత అబ్దుల్ గనీ భట్ బహిరంగంగా అన్నారు. రెండూ ప్రకటనలే, కోర్టు తీర్పులు కావు. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, అప్పటికి ఏ స్థానంలో ఉన్నారు అన్నవి పక్కనే నోట్ చేసుకోండి. ఇదే సజ్జాద్ 2014లో హంద్వారా ఎమ్మెల్యేగా గెలిచారు. వేర్పాటువాద నేత కుటుంబం నుంచి ఎన్నికల రాజకీయాల్లోకి వచ్చిన ఆ మార్పును వివరించగలిగితే మీ పేపర్‌కు ప్రాణం వచ్చినట్టే.

ఇక ఉద్యోగాలు. దాచడమెందుకు, ఖాళీలు తక్కువే. ఢిల్లీలోని మనోహర్ పారికర్ ఐడీఎస్ఏ, ఓఆర్ఎఫ్ లాంటి విధాన పరిశోధన సంస్థలు, వార్తాసంస్థలు, కంపెనీలకు రిస్క్ రిపోర్టులు రాసిచ్చే కన్సల్టెన్సీలు ఉన్నాయి. మొదట్లో చాలావరకు కాంట్రాక్టు పనే. అందుకే యూజీసీ నెట్ వదలకండి. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వచ్చి పీహెచ్‌డీలో చేరితే నెలకు 37,000 రూపాయలు వస్తాయి, ఇంట్లో టెన్షన్ సగం తగ్గుతుంది. సివిల్స్‌లో పొలిటికల్ సైన్స్ ఆప్షనల్ తీసుకుంటే చదువు చాలావరకు కలిసొస్తుంది కాబట్టి, ఇప్పుడే ఏదో ఒకటి తేల్చుకోనక్కర్లేదు.

కశ్మీర్ మీదే పనిచేయాలనుకుంటే ఉర్దూ చదవడం నేర్చుకోండి. ఇంగ్లిష్ పేపర్లు మాత్రమే చదివే విశ్లేషకులు ఇప్పటికే చాలామంది ఉన్నారు. ఎన్నికల అంకెలు ఎన్నికల సంఘం రిపోర్టుల్లో ఉచితంగా దొరుకుతాయి, హంద్వారాతోనే మొదలుపెట్టండి. పేపర్‌ను రెండు పేజీల నోట్‌గా కుదించి, మేడమ్‌తో దిద్దించుకుని, వేసవి ఇంటర్న్‌షిప్ దరఖాస్తుకు జతచేయండి.