గోడ కొట్టకముందు తీసిన ఫోటో ఉందా?

ప్రశ్న: కడపలో ఇరవై నాలుగు ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో చిన్న స్టూడియో ఫ్లాట్ కొన్నాను. ఒకటే గది, మూలన వంటగట్టు, ఒక బాత్రూం, అంతా కలిపి 410 చదరపు అడుగులు. ధర తగ్గుతుందని సెమీ ఫినిష్డ్‌గా, అంటే లోపలి పనులు మిగిలి ఉండగానే తీసుకున్నాను. రిజిస్ట్రేషన్ అయి, తాళాలు చేతికొచ్చి పద్నాలుగు నెలలైంది. ఫ్లోరింగ్, బాత్రూం, వైరింగ్ మేస్త్రీని పెట్టి చేయిస్తున్నాను, పుట్టీ, రంగులు నేనే వేసుకుంటున్నాను. వంటగట్టు దగ్గర నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ తీయించాను. బాత్రూంలో కమోడ్‌ను ఇంకో మూలకు మార్పించాను. ఇప్పుడు కింద ఫ్లాట్ ఆయన తన బాత్రూం సీలింగ్‌కు చెమ్మ దిగుతోందని, లక్ష రూపాయలు కట్టాలని అంటున్నారు. అసోసియేషన్ వాళ్లు పని ఆపించారు. యాభై వేలు డిపాజిట్ కడితేనే సామాను పైకి పోనిస్తామని, లేకపోతే నీళ్లు కూడా ఆపేస్తామని అంటున్నారు. నా గదిలో బీమ్ కింద పగులు వచ్చింది. బిల్డర్‌ను అడిగితే ‘గోడలు మీరే పగలగొట్టుకున్నారు, ఇక నాకు సంబంధం లేదు’ అన్నాడు. అరవై వేలు అడ్వాన్సు తీసుకున్న మేస్త్రీ ఫోన్ ఎత్తడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, కడప

జవాబు: చట్టం సంగతి తర్వాత. ముందు బాత్రూం వాడకం ఆపి, ఫోన్ తీసుకుని ఫ్లాట్ మొత్తం వీడియో తీయండి. పగులు పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. కింద ఫ్లాట్ ఆయన్ని అడిగి వాళ్ల సీలింగ్ ఫోటోలు కూడా తీసుకోండి. తాళాలు తీసుకున్న రోజున ఫ్లాట్ ఎలా ఉందో చూపే ఫోటో ఏదైనా ఉందేమో పాత ఫోన్లో, వాట్సాప్‌లో వెతకండి. గృహప్రవేశం రోజు చుట్టాలు తీసిన ఫోటోలో వెనక గోడ కనబడినా పనికొస్తుంది. మీరు అడిగినవి నాలుగు గొడవల్లా కనిపిస్తున్నా, అన్నీ తిరిగి తిరిగి ఒక్క ప్రశ్న దగ్గరికే వస్తాయి: సుత్తి పడకముందు ఏముంది, పడ్డాక ఏమైంది? దీనికి రుజువు ఉన్నవాళ్లదే పైచేయి. ఇలాంటి కేసుల్లో లాయర్లమైన మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రిపేరు పూర్తిచేసి, టైల్స్ కూడా వేసేసి, అప్పుడు వస్తారు. టైల్స్ కింద ఏముందో జడ్జి గారికి చూపించడం మా వల్ల కాదు.

సొంతంగా చేయించుకోవడం తప్పా అంటే, కాదు. టైల్స్, పుట్టీ, రంగులు, తలుపులు, వంటగట్టు లాంటి పనులకు కార్పొరేషన్ అనుమతి అక్కర్లేదు. మీ చేత్తో మీరే టైల్ పరుచుకున్నా అడిగేవారు లేరు. అయితే 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం మీరు కొన్నది ఒక ఫ్లాటు, దానితోపాటు స్థలంలో, కామన్ ఏరియాలో విడదీయరాని వాటా. పిల్లర్లు, బీములు, స్లాబు, డక్టులో, అంటే పైపుల కోసం వదిలిన సందులో, దిగే పెద్ద పైపులు మీ గదిలోంచి పోతున్నా అవి మీ ఒక్కరివి కావు. నేను సులువుగా ఇలా చెబుతుంటాను: ప్లాస్టరింగ్ వరకు మీ ఇష్టం, కాంక్రీటు తగిలిందా, అది ఇరవై నాలుగు ఇళ్లదీ. బాల్కనీ మూసి గదిలో కలుపుకోవడం, బయటి గోడకు కొత్త కిటికీ తెరవడం కూడా వేరే సంగతి. అది మంజూరైన ప్లాన్‌ను మార్చడం, దానికి కార్పొరేషన్ అనుమతి కావాలి.

ఈ లెక్కన మీరు తీయించిన నాలుగున్నర అంగుళాల గోడ పెద్ద తప్పు కాకపోవచ్చు. పిల్లర్లు, బీముల మీద నిలిచే కట్టడంలో అలాంటి ఇటుక గోడ సాధారణంగా అడ్డుగోడే, పై బరువు మోయదు. కానీ ఆ మాట నేను చెబితే చెల్లదు, మేస్త్రీ చెబితే అసలే చెల్లదు. స్ట్రక్చరల్ ఇంజినీరును ఒకసారి పిలిపించి, చూసి రాసిచ్చిన కాగితం తీసుకోండి. ఆయన్ని రెండు విషయాలు ప్రత్యేకంగా అడగండి. ఒకటి, గోడ తీసేటప్పుడు బీముకు గానీ పిల్లరుకు గానీ దెబ్బ తగిలిందా? రెండోది, కమోడ్ మార్చినప్పుడు మేస్త్రీ స్లాబుకు కొత్తగా రంధ్రం వేశాడా? మొత్తం వ్యవహారంలో నన్ను భయపెట్టేది ఈ రెండోదే. బాత్రూం స్లాబును సాధారణంగా ఒక అడుగు దించి పోస్తారు, పైపులు ఆ లోతులోనే తిరుగుతాయి. ఆ లోతులోనే పైపు మళ్లించి ఉంటే సర్దుకోవచ్చు. స్లాబుకు చిల్లు పెట్టి, లోపలి ఇనుప కమ్మీ కోసి ఉంటే మాత్రం అది మీ సొంత గది విషయం కాదు, మీరు జవాబు చెప్పాల్సిందే.

ఇంజినీరు వచ్చినప్పుడే ఫ్లోరింగ్ సంగతీ అడగండి. మన ఊళ్లో కడప బండ చవగ్గా దొరుకుతుంది కదా అని పాత గచ్చు మీదే పరిచేస్తుంటారు. అంగుళం మందం బండ చదరపు మీటరుకు 65 కిలోల పైనే తూగుతుంది. మీ గది మొత్తం మీద రెండున్నర టన్నులకు దగ్గర పడుతుంది, కింద వేసే మాలు బరువు దీనికి అదనం. ఇళ్లలో మనుషులు, సామాన్ల బరువు కింద డిజైన్‌లో వేసుకునేది చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు. ఫ్లోరింగ్‌కు విడిగా కొంత లెక్కేస్తారు, కానీ గచ్చు మీద ఇంకో గచ్చు ఎవరూ లెక్కేయరు. వంటగట్టుకు కడప బండ వేసుకోండి, ఎవరూ కాదనరు.

ఇక చెమ్మ. కింద ఆయన సీలింగ్ తడిసింది కాబట్టి తప్పు మీదే అని ఆయన అనుకోవడం సహజం, మీరు ఒప్పేసుకోవడం మాత్రం తొందరపాటు. నీళ్లు మూడు దారుల్లో దిగవచ్చు. మీరు మార్పించిన పైపు జాయింటు నుంచి, డక్టులోని కామన్ పైపు నుంచి, లేదా బిల్డర్ స్లాబు మీద వాటర్‌ఫ్రూఫింగ్ సరిగా చేయకపోవడం వల్ల. మొదటిదైతే ఖర్చు మీది. రెండోదైతే అసోసియేషన్‌ది. మూడోదైతే బిల్డర్‌ది, అది కూడా వాటర్‌ఫ్రూఫింగ్ అతని పనేనని మీ అగ్రిమెంట్‌లో ఉంటేనే. ఏ దారో తేల్చే పరీక్ష ప్లంబర్లందరికీ తెలిసిందే. డ్రెయిన్లకు బిరడా బిగించి, బాత్రూంలో రెండు అంగుళాల నీళ్లు నిలబెట్టి 24 నుంచి 48 గంటలు వదిలేస్తారు. కుళాయి లైన్లను విడిగా ప్రెషర్ పెట్టి చూస్తారు. పరీక్ష తేదీ, సమయం కింద ఆయనకు, అసోసియేషన్‌కు, బిల్డర్‌కు ముందే వాట్సాప్‌లోనూ రిజిస్టర్డ్ పోస్టులోనూ తెలియజేయండి. వాళ్లు రాకపోతే అది వాళ్ల ఇష్టం, పిలిచిన రుజువు మీ దగ్గర ఉంటుంది.

తప్పు మీ పైపుదేనని తేలినా లక్ష కట్టాలని లేదు. మీ వైపు లీకు ఆపడం, పాడైన వాళ్ల సీలింగ్‌ను మునుపటిలా చేసి ఇవ్వడం వరకు మీ బాధ్యత. ఆ పనికి అంచనా ఎంతో ఇద్దరు మేస్త్రీల దగ్గర రాయించుకుంటే లక్ష ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకే తెలిసిపోతుంది. మాట తెగకపోతే కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ అర్జీ, అంటే కేసు వేయకముందే రాజీ కోసం అర్జీ పెట్టుకోండి. ఆదాయంతో పనిలేకుండా మహిళలకు అక్కడ ఉచిత న్యాయ సహాయం ఉంది, ఫోన్ నంబరు 15100. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. పక్క ఇంటివాళ్లతో పదేళ్లు కోర్టు చుట్టూ తిరగడం కన్నా ఇది నయం. లాయరునై ఉండి ఈ మాట చెప్పడం నా పొట్ట కొట్టుకోవడమే అనుకోండి.

అసోసియేషన్ వాళ్లకు కొంత అధికారం ఉంది, వాళ్లు అనుకుంటున్నంత లేదు. పని వేళలు పెట్టవచ్చు. లిఫ్టులో సిమెంటు మూటలు వద్దనవచ్చు. పగలగొట్టిన పెళ్లలు మెట్ల మీదా కాలవలోనూ పోయకూడదనవచ్చు, ఆ విషయంలో చట్టం కూడా వాళ్ల పక్షమే. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఇళ్ల మధ్య శబ్దం 45 డెసిబెల్స్ మించకూడదు, కాబట్టి కటింగ్ మిషన్ ఊసే ఎత్తకండి. డిపాజిట్ మాత్రం బైలాలో, అంటే అసోసియేషన్ నియమావళిలో ఉండాలి, లేదా జనరల్ బాడీ తీర్మానం ఉండాలి, అందరికీ ఒకేలా ఉండాలి, పనయ్యాక తిరిగివ్వాలి. ఆ తీర్మానం కాపీ ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. ఉంటే కట్టి రసీదు తీసుకోండి, యాభై వేల కోసం మొండికేసి ఆరు నెలలు పోగొట్టుకోవద్దు. లేకపోతే ఆ డబ్బు అడిగే హక్కు వాళ్లకు లేదు. నీళ్లు ఆపడం మాత్రం ఏ తీర్మానంతోనూ కుదరదు. ఆ బెదిరింపు మెసేజ్ రూపంలో ఉంటే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నిజంగా ఆపితే సివిల్ కోర్టులో ఇంజంక్షన్ కోసం, అంటే నీళ్లు ఆపకూడదన్న ఉత్తర్వు కోసం వెళ్లవచ్చు, ఇలాంటి వాటిలో మధ్యంతర ఉత్తర్వు త్వరగానే అడగవచ్చు.

బిల్డర్ మాట సగం నిజం. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14(3) సెక్షన్ ప్రకారం, తాళాలు ఇచ్చిన రోజు నుంచి ఐదేళ్లలోపు కట్టడంలో గానీ పనితనంలో గానీ నాణ్యతలో గానీ లోపం ఉందని చెబితే, 30 రోజుల్లో బిల్డర్ సొంత ఖర్చుతో బాగుచేయాలి. చేయకపోతే పరిహారం ఇవ్వాలి. సెమీ ఫినిష్డ్‌గా అమ్మితే ఈ బాధ్యత పోదు. అతను చేయని పనికి, అంటే మీ టైల్స్‌కూ మీ వైరింగ్‌కూ, అతను జవాబుదారు కాడు. అతను చేసిన స్లాబు, బీము, ఇటుక పని, ప్లాస్టరింగ్‌కు జవాబుదారే. మీరు గోడ తీయడం వల్లే పగులు వచ్చిందని అతను అంటే, ఎలా వచ్చిందో చూపించాలి. మీ దగ్గర పాత ఫోటోలు లేకపోతే మాత్రం అతని పని సులువవుతుంది.

పగులును బట్టి కూడా చాలా తెలుస్తుంది. బీము అడుగు, ఇటుక గోడ కలిసే చోట సన్నగా, తిన్నగా అడ్డంగా పోతోందా? అది చాలాసార్లు ఆ జాయింటులో చికెన్ మెష్ (సన్న ఇనుప వల) వేయకుండా ప్లాస్టరింగ్ చేయడం వల్ల, లేదా మన ఎండలకు తగ్గట్టు నీళ్లు కొట్టకపోవడం వల్ల వస్తుంది. ప్రమాదం కాదు, కానీ పనితనంలో లోపమే, ఆ ప్లాస్టరింగ్ బిల్డర్‌దైతే 14(3) కిందికే వస్తుంది. పగులు బీములోనే ఉన్నా, ఏటవాలుగా పోతున్నా, నెలనెలా వెడల్పవుతున్నా ఆలస్యం చేయకండి. ఇంజినీరు కాగితంతో బిల్డర్‌కు రిజిస్టర్డ్ నోటీసు పంపించండి. 30 రోజులు చూశాక ఆ చట్టం కింద ఉన్న రెరా అథారిటీకి వెళ్లవచ్చు, లేదా కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. రెండు దారులూ తెరిచే ఉన్నాయని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది, ఒకటి ఎంచుకోండి. ఫ్లాట్‌కు మీరు చెల్లించింది 50 లక్షల లోపే ఉంటుంది కాబట్టి జిల్లా కమిషన్ చాలు, కోర్టు ఫీజు వెయ్యి రూపాయలు దాటదు. అక్కడ గడువు రెండేళ్లు, లెక్కేసుకోండి. ఇరవై నాలుగు ఫ్లాట్లున్నాయి కాబట్టి, స్థలం 500 చదరపు మీటర్లు దాటితే మీ ప్రాజెక్టు రెరాలో నమోదై ఉండాలి. ఎనిమిది ఫ్లాట్లు దాటని, లేదా 500 చదరపు మీటర్లు మించని స్థలంలో కట్టిన వాటికే మినహాయింపు. నమోదు నంబరు రెరా వెబ్‌సైట్‌లో చూసుకోండి. భవనంలో కాపురం ఉండవచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిందో లేదో కూడా అడగండి. అది తేవాల్సింది బిల్డరే, రాకపోతే నోటీసులో ఆ మాటా చేర్చండి.

వైరింగ్ గురించి ఒక్క ముక్క. మేస్త్రీ వెంట వచ్చిన కుర్రాడితో వైరింగ్ చేయించి ఉంటే, గోడ మూయకముందే లైసెన్స్ ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌తో పరీక్ష చేయించి కాగితం తీసుకోండి. ఏసీ, గీజర్ పెడుతుంటే అదనపు లోడ్‌కు విద్యుత్ సంస్థ ఎస్పీడీసీఎల్‌లో దరఖాస్తు చేయండి.

చివరికి మేస్త్రీ. అతని మీద చీటింగ్ కేసు పెట్టమని మీకు చాలామంది చెప్పే ఉంటారు. పని మధ్యలో వదిలి వెళ్లడం మామూలుగా ఒప్పందం తప్పడమే. మొదటి నుంచీ ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపించగలిగితేనే అది నేరం, స్టేషన్‌లో కూడా ఇదే మాట చెప్పి పంపిస్తారు. కాగితం రాసుకోలేదని దిగులు పడకండి, నోటి ఒప్పందమూ ఒప్పందమే. ఫోన్‌పే రికార్డు, రేటు మాట్లాడుకున్న వాట్సాప్ మెసేజ్‌లు, పని ఎంతవరకు అయిందో చూపే ఫోటోలు ఉంటే చాలు. ఆ ఫోన్ మార్చకండి, మెసేజ్‌లు తుడిచేయకండి. వాటిని కోర్టులో దాఖలు చేసేటప్పుడు 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి, అది లాయరు చూసుకుంటారు. అయిన పని విలువ తీసేసి మిగతా డబ్బు తిరిగివ్వమని నోటీసు పంపండి. ఇవ్వకపోతే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయండి, ఐదు లక్షల లోపు సేవకు అక్కడ ఫీజే లేదు. సివిల్ కోర్టుకు వెళ్తే మూడేళ్ల గడువు.

కొత్త మేస్త్రీని మాత్రం నీటి పరీక్ష, ఇంజినీరు కాగితం రెండూ అయ్యేదాకా పిలవకండి. వచ్చినప్పుడు ఏ పనికి ఎంత, ఏ దశలో ఎంత ఇస్తారో తెల్లకాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. బీము, స్లాబు జోలికి పోకూడదన్న వాక్యం అందులో మొదటి వరుసలో ఉండాలి.