గీజర్ కొనే ముందు బోరు నీళ్ల సంగతి చూడు

చి. సుధకు ఆశీస్సులు.

3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ చవగ్గా వస్తోంది, తీసుకోమంటారా అని అడిగావు. వద్దమ్మా. అంట్లు తోమే సింకు దగ్గరికైతే సరే, ముగ్గురు వరసగా స్నానం చేసే ఇంటికి చాలదు. బెంగళూరు డిసెంబరు పొద్దుట ట్యాంకులో 20 డిగ్రీలుండే నీళ్లను 40కి తేవాలంటే, 3 కిలోవాట్ల ఎలిమెంట్ (లోపల నీళ్లు కాచే కడ్డీ) నిమిషానికి రెండు లీటర్ల పైచిలుకే ఇవ్వగలదు. 15 లీటర్ల బకెట్ నిండేసరికి ఏడు నిమిషాలు. కుళాయి ఇంకాస్త తిప్పావో, గోరువెచ్చన కూడా ఉండదు.

మీకు నీళ్లు నింపి ఉంచి కాచే 15 లీటర్ల స్టోరేజ్ గీజర్, 2 కిలోవాట్లది సరిపోతుంది. 60 డిగ్రీలకి కాగడానికి 20 నిమిషాల పైన పడుతుంది, ముప్పావు యూనిట్ లోపే. చన్నీళ్లు కలిపితే లెక్కకు 30 లీటర్లు, అంటే రెండు బకెట్లు. మూడో బకెట్‌కి ఇంకో పది నిమిషాలు ఆగాలి. 25 లీటర్లది కొంటే, వాడని నీళ్లు కాచి చల్లార్చడానికి కరెంటు కంపెనీ బెస్కాంకి డబ్బు కట్టినట్టే.

అసలు తంటా బోరు నీళ్లతో. కావేరి నీళ్లు రాని చోట టాంకరు తెచ్చేదీ చాలావరకు బోరు నీళ్లే. మీ కుళాయి మూతికి తెల్లటి గార కడుతోందా? అదే ఎలిమెంట్ మీదా పేరుకుంటుంది. అప్పుడు వేడి నీళ్లలోకి దిగక, ఎలిమెంట్ లోపలే మాడిపోతుంది. కాగేటప్పుడు గీజర్ టపటపమంటే గార మందంగా పట్టిందని గుర్తు. 60 దాటితే గార మరీ తొందరగా కడుతుంది కాబట్టి 55 దగ్గర పెట్టుకో. చన్నీళ్లు కలిపాక వచ్చేవి నాలుగు లీటర్లు తగ్గితే తగ్గాయి. గీజర్ ట్యాంకు తుప్పు పట్టకుండా, దానికి బదులు తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ ఒకటి లోపల ఉంటుంది. ఏటా విప్పించి చూపించు, సన్నబడితే మార్పించు, గారా గీకించు. కొనేటప్పుడు ట్యాంకు గ్యారంటీ, ఎలిమెంట్ గ్యారంటీ విడివిడిగా అడుగు. పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండేది చాలాసార్లు ట్యాంకుదే.

ఐ.ఎస్. 2082 నంబరుతో ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండాలి. స్టార్లు చెప్పేది, ఊరికే ఉన్నప్పుడు ఎంత వేడి పోతుందన్నది. నువ్వు రోజూ అరగంట వేసి కట్టేసేదానివైతే నాలుగో అయిదో అని బెంగపడకు. 8 బార్ల ప్రెషర్ తట్టుకుంటుందని దుకాణంవాడు ఊదరగొడతాడు. అది ఎత్తైన అపార్ట్‌మెంట్లకీ, ప్రెషర్ పంపు ఉన్నవాళ్లకీ. డాబా మీది ట్యాంకు నుంచి ఒక్కో అంతస్తుకి 0.3 బార్ కూడా రాదు.

బిగించేటప్పుడు దగ్గరుండు. 2 కిలోవాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు. 6 ఆంపియర్ల సాకెట్ కాలిపోతుంది. 16 ఆంపియర్లదే కావాలి, వెనక 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, సరైన ఎర్తింగ్. మెయిన్‌లో కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. స్విచ్ లేకపోతే ఇంటి ఓనరుతో గొడవపడైనా పెట్టించుకో. వేడి నీళ్ల వైపు వేడికి తట్టుకునే సి.పి.వి.సి. పైపే వేయాలి, మామూలు పి.వి.సి. మెత్తబడుతుంది. చన్నీళ్లు లోపలికెళ్లే దగ్గర సేఫ్టీ వాల్వు తప్పనిసరి. కాగేటప్పుడు అందులోంచి బొట్లు పడితే కారుతోందని మూసేయించకు, వ్యాకోచించిన నీళ్లు పోయే దారి అదే. వేడి కుళాయిలో ధార వచ్చాకే మొదటిసారి స్విచ్ వెయ్యి.

నీళ్లతో కలిపి బరువు పాతిక కిలోల దాకా ఉంటుంది. మీ బాత్రూం గోడ డొల్ల ఇటుకలదైతే మామూలు మేకులు, ప్లాస్టిక్ ప్లగ్గులు ఆగవు. డొల్ల ఇటుకలకు పనికొచ్చే యాంకర్లు తెమ్మని ముందే చెప్పు.

మీ మామయ్య