అల్లుడూ, ఆ లిస్టు తీసెయ్

ఒరేయ్ అల్లుడూ,

సంక్రాంతికి సఖినేటిపల్లి ఇంట్లో పిల్లలందరినీ కూర్చోబెట్టి, తలో పాత్రా వేసుకుని కథ నడిపే ఆ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడిస్తావంట కదా! మీ నాన్న ఫోన్ చేసి, "ఏదో పాచికలాటంట, నీ పిచ్చే వీడికీ పట్టింది" అన్నాడు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మన ఇంట్లో నా తర్వాత ఆ ఇరవై ముఖాల డైస్ పట్టుకున్నది నువ్వే. సాయంత్రానికి బాబాయ్ కూతురు నీ మెసేజ్ ఫార్వర్డ్ చేసింది: "పాలడిన్, బార్డ్, రేంజర్ ఎవరూ తీసుకోవద్దు, చెత్త క్లాసులు." ధర్మం తప్పని యోధుడు పాలడిన్, పాటగాడు బార్డ్, అడవి దారులెరిగిన రేంజర్, ముగ్గురూ ఆటలో ఎంచుకునే పాత్రలేగా! అప్పట్నుంచీ ఒకటే టెన్షన్.

ముందు చిన్న చిన్నవి చెప్పేస్తా. పుస్తకాలు కొనక్కర్లేదు, ఆటకి సరిపడా రూల్స్ 2023 నుంచి క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగానే ఉన్నాయి. ఎవరి పాత్ర వివరాలు వాళ్లు రాసుకునే క్యారెక్టర్ షీట్లు భోగికి ముందే జిరాక్స్ తీయించు. మొదటి రోజు ఆట మొదలెట్టకు, ఎవరికి ఏం కావాలో, ఏం వద్దో కూర్చుని మాట్లాడుకోండి. డైస్ నాన్నమ్మ కంటపడనివ్వకు. కోడిపందేల బరుల పక్కన గుండాట చూసి చూసి, పాచిక కనబడితే చాలు జూదమే అనుకుంటుంది.

నరసాపురం నుంచి వచ్చే పిల్లల్ని చీకటి పడ్డాక పంటు ఎక్కనివ్వకు. ఆ మంచులో వశిష్ఠ దాటడమంటే నాకు చిన్నప్పట్నుంచీ గుండె దడ. డ్రాగన్ సగం చచ్చినా సరే, ఆట ఆపి పెందలాడే పంపు. లేదంటే రాత్రికి అక్కడే పడుకోమను. ఇది సలహా కాదు, ఆర్డర్.

ఇక ఆ లిస్టు సంగతి.

1974లో ఈ ఆట వచ్చినప్పుడు ఉన్నవి మూడే క్లాసులు: ఫైటింగ్ మ్యాన్, మ్యాజిక్ యూజర్, గాయాలు మాన్పే పూజారి క్లెరిక్. మరుసటి ఏడాది వచ్చిన అనుబంధ పుస్తకంలో దొంగ, పాలడిన్ ఇద్దరూ కలిసే దిగారు. ఒకే పుస్తకంలో దొంగనీ, దొంగతనం చూస్తూ ఊరుకోలేని ధర్మాత్ముణ్ణీ పెట్టారంటే, తగువు ఆ రోజే మొదలైందన్నమాట. మేం బెంగళూరులో ఆడింది 2003 నాటి 3.5 రూల్స్. అందులో పాలడిన్ లాఫుల్ గుడ్‌గానే, అంటే నియమానికి కట్టుబడ్డ మంచివాడిగానే ఉండాలి. అబద్ధమాడకూడదు, విషం వాడకూడదు, చెడ్డవాళ్లతో జట్టు కట్టకూడదు. తెలిసి ఒక్క చెడ్డ పని చేసినా శక్తులన్నీ పోతాయి. తన నియమం తనకుంటే ఎవరికీ బాధ లేదు. పక్కవాళ్లని కూడా కనిపెట్టుకుని ఉండాల్సి రావడంతోనే అందరికీ కంటగింపయ్యాడు.

మా టేబుల్‌లో పాలడిన్ ఆడింది తాడేపల్లిగూడెం కుర్రాడు. నెమ్మదస్తుడు. అందరి షీట్లూ ఇంగ్లిష్‌లో ఉంటే, అతను మాత్రం షీటు వెనకాల తన ప్రతిజ్ఞని ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలతో రాసుకున్నాడు. నేను దొంగని. సంతలో ఎవడి జేబులో చెయ్యి పెడదామన్నా "వద్దండీ" అని అడ్డొచ్చేవాడు. ఆటలో కూడా 'అండీ' ఏంట్రా బాబూ అని చిరాకేసేది. ఆట నడిపేవాడికి అంతకన్నా చిరాకు. పాలడిన్ అంటేనే పడదని మొదటి రోజే చెప్పాడు. అయినా వద్దనలేదు, అవకాశం కోసం కాచుకుని కూర్చున్నాడు.

ఒక ఆదివారం కథలో ఒక పల్లెటూరు వచ్చింది. గాదెలో ఒక తల్లి పసిబిడ్డతో దాక్కుంది. రాజుగారి భటులొచ్చి లోపల ఎవరున్నారని అడిగారు. నాలాంటిదానికి అదెంత పని, ఏదో ఒకటి చెప్పి పంపేద్దును. ఆట నడిపేవాడు నన్ను నోరెత్తనివ్వలేదు. "భటుడు నిన్నే అడుగుతున్నాడు" అని పాలడిన్ వైపు వేలు చూపించాడు. నిజం చెబితే తల్లీబిడ్డల్ని చంపుతారు, చెప్పకపోతే ప్రతిజ్ఞ పోతుంది. ఎదురుతిరిగి పోరాడదామన్నా, బయట వందమంది ఉన్నారని ముందే చెప్పి ఆ దారీ మూసేశాడు. కుర్రాడు చాలాసేపు షీటు తిప్పి వెనక వైపు చూసుకున్నాడు. చివరికి "ఎవరూ లేరండీ" అన్నాడు.

"అబద్ధమాడావు. నీ శక్తులన్నీ పోయాయి."

చెడ్డ పని చేయకుండా నియమం మాత్రమే తప్పితే, దారుణంగా ఉల్లంఘించినప్పుడే అలా అని రూల్‌లో స్పష్టంగా ఉంది. పసిబిడ్డని కాపాడ్డం దారుణమా? ఎవరూ అడగలేదు. ఇద్దరు ముగ్గురు చప్పట్లు కూడా కొట్టారు. కుర్రాడు పెన్సిల్ రబ్బరు తీసి ఒక్కొక్క శక్తీ వరసగా చెరిపాడు. చేత్తో తాకి గాయాలు మాన్పే శక్తి దగ్గర కాగితం చిరిగింది. మరుసటి వారం ఊరెళ్తున్నానన్నాడు. ఆ తర్వాత కారణం చెప్పడం కూడా మానేశాడు.

అందుకే నాకీ భయం. పాలడిన్ వల్ల ఆట పాడవుతుందని నువ్వంటున్నావు, నేను చూసింది మాత్రం పాలడిన్ మీద పగతో ఆట పాడుచేసినవాణ్ణి. వాళ్లు ఆఫీసు స్నేహితులు కాబట్టి విడిపోయారు, సరిపోయింది. మీరు ఏటా పండక్కి ఒకే పందిట్లో కూర్చోవాల్సినవాళ్లు.

పైగా నువ్వు ఆడించే రూల్స్‌లో ఆ పాత నియమమే లేదు. 2014లో రూల్స్ మారినప్పట్నుంచీ పాలడిన్ ఏ స్వభావంతోనైనా ఉండొచ్చు, ఏ ప్రతిజ్ఞ చేయాలో తనే ఎంచుకుంటాడు. నువ్వు పుట్టకముందు తగువు నీకెందుకురా? ఎక్కడో చదివుంటావు, అంతే.

బార్డ్ కథా అంతే. 1978 పుస్తకం ప్రకారం బార్డ్ కావాలంటే ముందు ఫైటర్‌గా, తర్వాత దొంగగా ఉండి, ఆపైన ప్రకృతిని కొలిచే డ్రూయిడ్ల దగ్గర చేరాలి. అంతవరకూ ఎవడు బతికుంటాడు! మా రోజుల్లో అన్నీ కొంచెం కొంచెం వచ్చు, ఏదీ పూర్తిగా రాదని వెక్కిరించేవాళ్లం. ఇప్పుడు మంత్రగాడు విజర్డ్‌లాగే, చివరి మెట్టైన తొమ్మిదో లెవెల్ స్పెల్స్ దాకా వెళ్తాడు. అన్నిటికన్నా, తన డైస్ ఒకటి తీసి పక్కవాడికి ఊతంగా ఇస్తాడు చూడు, అది నాకిష్టం. బుర్రకథలో వంతవాళ్లని తీసేసి ఒక్క కథకుణ్ణే తంబురాతో నిలబెడితే ఎంతసేపు వింటావు? మన చిన్నది పాడుతుంది, అందుకే బార్డ్ కావాలంటోంది. మరీ ఎక్కువ పాడితే, రోజుకి ఒక్క పాటే అని చెప్పు. క్లాసే లేదనకు. నీ మెసేజ్ చూసి దాని గొంతు ఎలా పడిపోయిందో ఫోన్‌లో విన్నాను.

రేంజర్ విషయంలో నీ మాటలో కొంత న్యాయముంది. 2014 రూల్స్‌లో అతను ఒక రకం నేలని ఎంచుకోవాలి. అడవి అని రాసుకున్నాక కథ కొండలెక్కితే ఆ విద్య దండగ. మృగాన్ని వెంటేసుకున్నవాడైతే, అది కరవాలంటే తన దాడిని వదులుకోవాలి. ఆ గొడవలకి 2020లో వేరే రూల్స్ ఇచ్చారు, అవి తీసుకో. ఇంకా తేలికైంది ఏంటంటే, కథని మన లంకల్లోనే పెట్టు. సముద్రతీరం, చిత్తడి రెండూ ఆ నేలల జాబితాలో ఉన్నాయి. కోరంగి మడ అడవిలో దారి తప్పకుండా, బురదలో నడక మందగించకుండా అందర్నీ తీసుకెళ్లేది రేంజర్ ఒక్కడే. అప్పుడు వాడే హీరో.

నువ్వు లిస్టులో రాయనిది ఒకటుంది, క్లెరిక్. ఎవరూ తీసుకోరు, చివరికి మొహమాటపడేవాళ్ల మెడకి చుడతారు. ఆడపిల్లలకి మాత్రం అంటగట్టావో, ఊరుకోను. పండగ మూడు రోజులూ వడ్డనలన్నీ వాళ్లవే, ఆటలో కూడా కట్లు వాళ్లే కట్టాలా? నేను కనుమ నాటికి వస్తా, ఆ క్లెరిక్ నాకుంచు. రాగానే షీటు రాసుకుంటా.

మీ నాన్నని మాత్రం ఆటకి పిలవకు. ప్రతి రూల్‌కీ లేచి వాదిస్తాడు.

మీ అత్త