ఉరికేటోని వెంట ఉరకకు

తమ్మీ,

దసరా నాడు జమ్మి పెట్టుకొని వచ్చి అందరం తిన్నంక, నీ దోస్తుతోని నువ్వు స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్ వీడియో గేమ్ (ఒకరినొకరు కొట్టి స్టేజ్ మీదికెళ్లి బయటికి పడేసే ఆట) ఆడుతుంటే ఎనకాల కూసొని అన్నీ చూసిన. వరుసగ ఓడినవు. నలుగురి ముంగట చెప్పుడు బాగుండదని అప్పుడు ఏం అనలే. నువ్వు కంట్రోలర్ మంచం మీద పెట్టి సప్పుడు జేయకుంట బయటికి పోయినవు చూడు, అది నాకు మనసుల ఉండిపోయింది. నల్లగొండకు వచ్చినంక ఇగ కూసొని రాస్తున్న.

నువ్వు ఆడేది బౌజర్, పెద్ద ఒళ్లున్న తాబేలు రాక్షసుడు; నీ దోస్తు ఆడేది ఫాక్స్, నక్క. "ఫాక్స్ మస్తు స్పీడన్నా, బౌజర్‌తోని అయితలేదు" అన్నవు. ఫాక్స్ స్పీడే, కాదనను. ఆట సెకనుకు 60 ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) నడుస్తది, వాని జ్యాబ్, అంటే దగ్గర నిలబడి గుద్దే చిన్న దెబ్బ, రెండో ఫ్రేముకే తగులుతది. కండ్లతోని చూసి దాన్ని ఆపుడు ఎవ్వనితోని కాదు. అయితే నువ్వు ఓడింది స్పీడుకు కాదురా. వాని వెంట ఉరికినందుకు ఓడినవు.

మన తాత మేకలు కాసినప్పుడు పిల్ల ఒకటి తప్పిచ్చుకుంటే దాని వెంట ఉరికేటోడా? దొడ్డి తలుపు కాడికి పోయి నిలబడేటోడు. అది నాలుగు దిక్కుల దుంకి దుంకి ఆఖరుకు ఆడికే వచ్చేది. స్టేజ్ నడిమిట్ల నిలబడుడు గసొంటిదే. నడిమిట్ల నువ్వుంటే ఏ పక్కకు పోయినా వానికి సగం జాగనే దొరుకుతది. నువ్వు ఒక మూలకు ఉరికితే మిగిలిన స్టేజంత వానిదే.

ఇంగ షీల్డ్, దెబ్బలు ఆపే డాలు. నీ తప్పు అసలు ఇక్కడున్నది, మంచిగ చదువు. వాడు గాల్లకెళ్లి న్యూట్రల్ ఎయిర్‌తోని (గాల్ల ఏ దిక్కు ఒత్తకుంట కొట్టే దెబ్బ) షీల్డ్ మీద పడంగనే నువ్వు భయపడి దొర్లుతున్నవు. ఒక్కసారి కాదు, ఎంటెంట మూడుసార్లు. ఈ ఆటల దొర్లుడు వరుసగ చేసిన కొద్దీ మెల్లగైతది, మూడోసారి నువ్వు లేచేలోపట వాడు అప్ స్మాష్ (పైకి కొట్టే పెద్ద దెబ్బ) పట్టుకొని తయారుగ ఉంటున్నడు. షీల్డ్ ఊరికె ఇడిస్తే కూడ 11 ఫ్రేములు పోతయి. మరి ఏం చెయ్యాలె? షీల్డ్‌లకెళ్లి సీదా అప్ బీ (పై దిక్కు, బీ బటన్ కలిపి ఒత్తుడు) కొట్టు. బౌజర్ గిర్రున తిరిగే ఆ దెబ్బకు షీల్డ్ ఇడిసే పని లేదు, ఆరో ఫ్రేముకు తగులుతది, ముంగటా తగులుతది, ఎనకా తగులుతది. వాడు నీ మీదికెళ్లి దాటి ఎనక పక్క దిగుతడు కదా, ఆడ కూడ దొరుకుతడు. ఒక్కటి యాది పెట్టుకో: వాని కాలు నీ షీల్డుకు తగిలినంకనే కొట్టు. ముందుగాలనే తిరిగినవనుకో, వాడు దూరంగ నిలబడి నువ్వు ఆగేదాక చూసి కొడ్తడు.

దెబ్బల లెక్క కూడ తెల్సుకో. బౌజర్ బరువు 135, ఫాక్స్ బరువు 77; బరువున్నోడు దెబ్బకు తక్కువ ఎగురుతడు. వాడు నాలుగైదు కొట్టి సంపాయించింది నువ్వు రెండు పెద్ద దెబ్బలల్ల తీసుకోవచ్చు. కాబట్టి జ్యాబ్ తగిలిందని, దూరంకెళ్లి బ్లాస్టర్ (వాని తుపాకి) కొట్టిండని కోపం తెచ్చుకోకు. బ్లాస్టర్ తగిలితే పర్సెంట్ (తిన్న దెబ్బల లెక్క) పెరుగుతది గని నువ్వు అదరవు. వాడు దాన్ని కొట్టేదే నిన్ను ఉరికిచ్చుకోనీకి. షీల్డ్ పట్టుకుంట, నడుసుకుంట పో.

గాల్లకు లేసినప్పుడు మాత్రం నీకు కష్టమే, అబద్ధం చెప్ప. బౌజర్ ఒళ్లు పెద్దది, ఫాక్స్ కిందికెళ్లి అప్ ఎయిర్‌లు (గాల్ల పైకి కొట్టే దెబ్బలు) కొట్టుకుంట ఆడుకుంటడు. బ్యాటిల్‌ఫీల్డ్ అనే స్టేజ్‌ల పై ప్లాట్‌ఫారం మీద దిగాలని చూస్తవు నువ్వు, వాడు అక్కడనే కాసుకొని ఉంటడు. అంచు దిక్కు జరిగి, అంచును పట్టుకొని ఎక్కు. ఎక్కేటప్పుడు ఒకసారి దుంకు, ఒకసారి ఆగు, ఒకసారి దొర్లు. దసరా నాడు ప్రతిసారి దొర్లుకుంటనే వచ్చినవు, నీ దోస్తు దాన్ని రెండో ఆటలనే పట్టేసిండు.

వాడు స్టేజ్ బయటికి పోయినప్పుడు ఆటంత నీదే. మళ్ల స్టేజ్ మీదికి రానీకి వానికి ఉన్నయి రెండు తొవ్వలు. అడ్డంగ గీత గీసినట్టు వచ్చే ఇల్యూజన్ ఒకటి, మంట పట్టుకొని వచ్చే ఫైర్ ఫాక్స్ ఒకటి. మంట పట్టినంక ఎగిరేలోపట సగం సెకనుకు పైననే గాల్ల ఆగుతడు. అప్పటిదాక నీకన్న ఎంత స్పీడున్నా, ఆ జాగల వాడు నిలబడ్డ చెట్టే. అంచు మీద నిలబడి నోట్లకెళ్లి నిప్పు ఇడువు, లేదంటే అంచుకెళ్లి దిగి బ్యాక్ ఎయిర్ (గాల్ల ఎనకకు కొట్టే దెబ్బ) కొట్టు. నీ ఎత్తుకు సమానంగ వస్తున్నడంటే ఇల్యూజనే కొడ్తడు, దాని తొవ్వల ఫార్వర్డ్ టిల్ట్ (నిలబడి ముంగటికి కొట్టే దెబ్బ) పెట్టి ఉంచు.

నేను హైదరాబాద్ హాస్టల్ల ఉన్నప్పుడు నా రూమ్మేట్ సోనిక్‌తోని ఆడేటోడు. ఈ ఆటల అందరికన్న ఎక్కువ ఉరికేది సోనికే. నేనూ నీ లెక్కనే బౌజర్, నీ లెక్కనే ఓడేటోన్ని. ఒకనాడు నోట్‌బుక్ తీసి, ప్రాణం పోయిన ప్రతిసారి అప్పుడు నేను ఏం చేస్తున్ననో రాసుకున్న. సగానికి ఎక్కువ "ఎంట ఉరుకుతున్న" అనే ఉన్నది. ఆ కాగితం చూసినంక కండ్లు తెరుసుకున్నయి. నువ్వు కూడ వారం రోజులు రాయి. నీవి రాసినంక, నీ దోస్తు షీల్డ్ మీద కొట్టినంక ఏం చేస్తడో అది కూడ రాయి: జ్యాబా, పట్టుకునుడా, ఎనకకు దాటుడా. ప్రతి మనిషికి ఒక అలవాటు ఉంటది, స్పీడ్ ఆడేటోనికి ఇంకా ఎక్కువ ఉంటది, ఎందుకంటే వానికి ఆలోచన చేసే టైం ఉండదు.

ట్రైనింగ్‌ల స్పీడు తగ్గిచ్చి షీల్డ్‌లకెళ్లి అప్ బీ ఓ యాభై సార్లు చెయ్యి, తర్వాత మామూలు స్పీడుల చెయ్యి. రోజు పావు గంట చాలు, సదువు ఆపుకొని కాదు. ఇంకోటి, మీ టీవీల గేమ్ మోడ్ పెట్టిలేదు. రిమోట్ తీసుకొని ముందుగాల అది పెట్టు, బటన్ ఒత్తినంక ఆలస్యం తగ్గుతది.

క్యారెక్టర్ మాత్రం మార్చకు. నీకు బౌజర్ అంటే ప్రాణమని నాకు ఎరుక. సంక్రాంతికి వస్త, నేను ఫాక్స్‌తోని ఆడ్త. ఆ నోట్‌బుక్ చూపియ్యాలె నాకు.

మీ అన్న