లిమిట్‌కి మించి కడితే కార్డు ఏం చేస్తుంది?

ప్రశ్న: నా క్రెడిట్ కార్డు లిమిట్ 60,000 రూపాయలు. వచ్చే వారం ఒకే షాపులో ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ కలిపి 85,000కు కొనాలి. ముందే 30,000 కార్డులోకి కట్టేస్తే స్వైప్ అవుతుందా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అవ్వొచ్చు. కానీ లెక్క సరిచూసుకోండి. ఈ నెల వాడినది, ఇంకా బిల్లు కానిది 12,000 ఉందనుకుందాం. అంటే ఇప్పుడు మీకు మిగిలిన లిమిట్ 48,000 మాత్రమే. మీరు కట్టే 30,000లో 12,000 ముందు ఆ పాత వాడకానికే పోతుంది. చివరికి 78,000 దగ్గర ఆగిపోతారు, కౌంటర్ దగ్గర కార్డు తిరస్కరిస్తుంది. 85,000 దాటాలంటే కనీసం 37,000 కట్టాలి. షాపువాళ్లు స్వైపింగ్ చార్జీ అంటూ ఏమైనా కలుపుతారేమో ముందే అడిగి, దానికీ చోటుంచుకోండి.

కట్టిన వెంటనే షాపుకి పరుగెత్తకండి. యాప్‌లో ‘అవైలబుల్ లిమిట్’ పెరిగిందా అని చూడండి. మీ సొమ్ము కార్డు ఖాతాకు చేరడానికి ఒకటి రెండు పనిదినాలు పట్టొచ్చు. చెక్కు అయితే ఇంకా ఎక్కువ. కొన్ని బ్యాంకులు అదనంగా కట్టినదాన్ని లిమిట్‌కి కలిపి చూపిస్తాయి, కొన్ని అసలు లిమిట్ దగ్గరే ఆపేస్తాయి. బకాయికి మించి కట్టనివ్వని యాప్‌లూ ఉన్నాయి. కస్టమర్ కేర్‌ను అడగాల్సింది ఒక్కటే: ‘క్రెడిట్ బ్యాలెన్స్ (నేను అదనంగా కట్టిన సొమ్ము) కలిపి 85,000 ఒకే లావాదేవీగా వెళ్తుందా?’

చాలామంది మరిచేది ఇంకొకటుంది. షాపు మెషీన్‌కి ఇంత, ఆన్‌లైన్‌కి ఇంత అని కార్డు సెట్టింగుల్లో మనమే పెట్టుకునే పరిమితి. అది 50,000 దగ్గర ఉంటే ఖాతాలో ఎంత ఉన్నా లాభం లేదు.

నన్నడిగితే ముందు తాత్కాలికంగా లిమిట్ పెంచమని బ్యాంకును అడగండి. కాదంటే షాపులో రెండు భాగాలుగా కట్టండి, కొంత కార్డు మీద, మిగతాది యూపీఐలో. ముందుగా డబ్బు పోయడం మూడో దారి. ఆ డబ్బుకు వడ్డీ రాదు, కట్టినందుకు రివార్డు పాయింట్లూ రావు. పాయింట్లు కొన్నదాని మీదే.

ప్రశ్న: కార్డులో నా సొంత డబ్బే 20,000 అదనంగా ఉంది. అందులోంచి ఏటీఎంలో 10,000 తీస్తే దాదాపు 600 కోసేశారు. నా డబ్బు నేను తీసుకుంటే చార్జీ ఏమిటి?
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: డబ్బు మీదే, కానీ తీసింది క్రెడిట్ కార్డుతో. బ్యాంకు దాన్ని క్యాష్ అడ్వాన్స్, అంటే కార్డు మీద తీసుకున్న నగదు అప్పు కిందే లెక్కిస్తుంది. చాలా బ్యాంకుల్లో ఫీజు తీసిన మొత్తం మీద 2.5 శాతం, కనీసం 500. మీ పదివేలకు 2.5 శాతం అంటే 250 కాబట్టి కనీస ఫీజు 500 పడింది. దానిమీద 18 శాతం జీఎస్టీ 90. మొత్తం 590. అదనపు నిల్వ ఉంది కాబట్టి మామూలుగా వడ్డీ తప్పుతుంది, ఫీజు మాత్రం తప్పదు. మిగిలిన సొమ్మును ఏటీఎంలో తీయకండి, బ్యాంకు ఖాతాకు తిప్పించుకోండి. ఎలాగో కింద చూడండి.

ప్రశ్న: బిల్లు కట్టేశాక విమానం టికెట్ రద్దై 14,600 కార్డులోకి వచ్చింది. స్టేట్‌మెంట్లో అంకె పక్కన ‘సీఆర్’ అని ఉంది. ‘ముందు ముందు వాడకంలో సర్దుకుంటుంది’ అంటున్నారు. ఖాతాలో వేయించుకోలేమా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వేయించుకోవచ్చు. ‘సీఆర్’ అంటే బ్యాంకే మీకు బాకీ అని. 2022 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు తెచ్చిన కార్డుల నిబంధనల ప్రకారం మీరు అడిగిన మూడు పనిదినాల్లో ఆ సొమ్మును మీ బ్యాంకు ఖాతాకు పంపాలి. బిల్లు కట్టేశాక రిఫండ్ వచ్చి, అది కార్డు లిమిట్‌లో 1 శాతం లేదా 5,000, ఈ రెంటిలో ఏది తక్కువైతే దాన్ని మించితే, సర్దుబాటుకు బ్యాంకు ఏడు రోజుల్లోగా ఈమెయిల్ లేదా ఎస్సెమ్మెస్ ద్వారా మీ సమ్మతి అడగాలి. మీ లిమిట్ 2 లక్షలైతే ఆ గీత 2,000, 6 లక్షలైతే 5,000. మీరు బదులివ్వకపోతే వాళ్లే ఖాతాకు తిప్పాలి.

ఫోన్లో చెప్పి ఊరుకోకండి. కార్డు చివరి నాలుగంకెలు, మొత్తం, మీ ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ రాసి, క్యాన్సిల్డ్ చెక్కు జతచేసి ఈమెయిల్ పంపి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. ముప్పై రోజుల్లో తేలకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారి) ఆ బ్యాంకు ఆన్‌లైన్ ఫిర్యాదుల వేదిక సీఎంఎస్ పోర్టల్లో ఫిర్యాదు చేయొచ్చు. కార్డు మూసేసినా నిల్వ సొమ్ము మీ ఖాతాకు రావాల్సిందే.

ప్రశ్న: ఈఎంఐలో ఫోన్ కొన్నాను. మిగతా 22,000 కార్డులో ఒకేసారి కట్టేస్తే ఈఎంఐ తీరిపోతుందా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: తీరదు. అది ‘సీఆర్’గా పడి ఉండి, నెలనెలా బిల్లయ్యే వాయిదాకే పోతుంది. వడ్డీ మామూలుగానే నడుస్తుంది. ఈఎంఐ ముందే ముగించమని విడిగా కోరాలి. ముందస్తు ముగింపు చార్జీ ఎంతో అడిగాకే కట్టండి.

ప్రశ్న: అమెరికాలో చదువుతున్నాను. కార్డు లిమిట్ 500 డాలర్లే. 1,100 డాలర్ల ల్యాప్‌టాప్ కోసం 700 ముందే కడితే క్రెడిట్ స్కోరూ పెరుగుతుందా?
- ఒక విద్యార్థి, డల్లాస్

జవాబు: స్కోరు పెరగదు. బకాయి సున్నా ఉన్నా, ఎక్కువ కట్టి మైనస్‌లోకి వెళ్లినా స్కోరుకు ఒకటే. కొత్త ఖాతాలో లిమిట్‌ను మించి కడితే కొన్ని బ్యాంకులు అనుమానంతో ఆ చెల్లింపును ఆపి ఉంచుతాయి, లేదా వెనక్కి పంపుతాయి. ల్యాప్‌టాప్‌కి డెబిట్ కార్డే హాయి. ఇప్పటికే ఎక్కువ కట్టి ఉంటే వెనక్కివ్వమని రాతపూర్వకంగా అడగండి. ఒక డాలరుకు మించిన నిల్వను అక్కడి ఫెడరల్ నిబంధన ప్రకారం ఏడు పనిదినాల్లో ఇచ్చేయాలి.